బొమ్మ చూసి కొన్న జోళ్ళు

కంకణవరంలో జోళ్ళు కావాలంటే, భద్రదత్తుడనే వర్తకుడు పంపే రంగుల బొమ్మ చూసి ముందే వెల చెల్లించాలి. బొమ్మకి నమూనా ఆ వర్తకుడి సొంత కాళ్ళకున్న మేలిరకం జత. బండి మీద వచ్చేది మాత్రం పైమెరుగు సరుకు. కోట గుమ్మంలో, లోపలికెళ్ళేవాళ్ళు విడిచిన జోళ్ళకు కాపలా ఉండే గవరమ్మ అలాగే కొని, వేళ్ళు నలిగి, తిరిగివ్వబోతే "మా కొలత సరైనదే, నీ కాలే వంకర" అని కసిరాడా మహానుభావుడు.

అలాంటివాడు సైన్యానికంతటికీ జోళ్ళమ్మే బేరానికి కోటకొచ్చాడు. గవరమ్మ తమ్ముడు ఆ సైన్యంలోనే ఉన్నాడు. ఈ జోళ్ళు తొడిగితే వాణ్ణి కూలదొయ్యడానికి శత్రువెందుకు?

బేరం దాదాపు కుదిరింది. రాజుగారే గుమ్మం దాకా సాగనంపారు. గవరమ్మ వినయంగా, వర్తకుడు విడిచిన జోళ్ళకు బదులు తన జత అతని ముందు పెట్టింది. చూపుకి రెండూ ఒకటే కదా, పొగడ్తల మైకంలో కాళ్ళు దూర్చేశాడు. మెట్టు దిగాడో లేదో, జోడు అడుగు అట్ట ఊడి బోర్లాపడ్డాడు.

"ఇవెవరివే! ఇంత ఇరుకా? లోపలంతా గడ్డి కుక్కాడు! ఏ దొంగవెధవ చేశాడో, వాడి చేతులు విరగ్గొట్టించండి ప్రభూ!"

గవరమ్మ ఊడిన అట్ట ఎత్తి చూపించింది. దాని మీద భద్రదత్తుడి అంగడి ముద్ర నిగనిగలాడుతోంది. రాజుగారి కళ్ళెర్రబడ్డాయి.

"చేతులెందుకులెండి ప్రభూ," అంది గవరమ్మ, "బేరం విరగ్గొట్టండి, చాలు."