లెక్కకు మించిన గద్దలు

అనుమానం ఉన్నవాళ్ళు ఇప్పుడే లేచి పొండి నాయనా! సగం కథలో "ఇదంతా కోత" అని నవ్వినవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒక్కణ్ణి మిట్టమధ్యాహ్నం ఒంటరిగా బయటికి రమ్మనండి, చూద్దాం!

అనగనగా నీలగట్టు అని ఒక కొండరాజ్యం. ఎంత ఎత్తంటే, అక్కడి ఆడవాళ్ళు వాకిట్లో మబ్బుల్ని చీపురుతో ఊడ్చి ముగ్గేసుకునేవారు. దాని రాజు ప్రచండవర్మ.

ఏటా వానలు వెనకబట్టి ఆశ్వయుజం రాగానే ఉత్తరాది నుంచి గద్దలు, డేగలు గుంపులు గుంపులుగా ఆ కొండ దాటి దక్షిణానికి పోయేవి. కొండకొమ్మున బండ మీద ఒక మనిషి కూర్చుని, పక్షికో చింతగింజ చొప్పున కుండలో వేసేవాడు. ఆఖరి గద్ద దాటాక రాజు ఆ లెక్కను దండోరా వేయించేవాడు. ఎన్ని గద్దలు దాటితే అంత గొప్ప రాజని ఆ సీమలో నమ్మకం.

ఆ పని గవరయ్యది. వాడికి తల్లీ తండ్రీ అన్నీ అక్క మాచక్కే. ఆమె చూపు సంగతి చెప్పాలా? ఆమడ దూరాన ఎగిరే గద్ద కంట్లో నలక పడితే ఇక్కణ్ణుంచే కనిపెట్టేది!

ఆ ఏడు పొరుగురాజు తన కొండ మీదుగా పదివేల గద్దలు దాటాయని చాటించాడు. ప్రచండవర్మ గవరయ్యను పిలిచాడు.

"ఏరా, మన గద్దలకి రెక్కలు పడిపోయాయా? కుండ నిండాలి. లేదా, కొండ మీంచి నిన్నే ఎగరేస్తాను!"

గవరయ్య హడలిపోయి గద్ద ఒక్కటీ దాటకుండానే ఓ గుప్పెడు గింజలు కుండలో పోశాడు.

మర్నాడు మధ్యాహ్నం మాచక్క వాకిట్లో వడియాలు ఎండబెడుతోంది. నేల మీద ఒక గద్దనీడ తిరిగింది. తలెత్తి చూసింది. ఆకాశంలో ఏమీ లేదు. ఇంకో నీడ. మరో నీడ. పైన ఈకముక్క లేదు. కింద నీడలు మాత్రం తిరుగుతూనే ఉన్నాయి.

ఒక నీడ సర్రున వచ్చి కోడిపెట్ట నీడను తన్నుకుపోయింది. కోడి ఉన్నచోటే నిలబడిపోయింది. నూకలు వేస్తే ముట్టదు. అదిలిస్తే కదలదు. తాకితే నూతిరాయిలా చల్లగా ఉంది.

"ఏం చేశావురా తమ్ముడూ?"

"గుప్పెడు గింజలే కదా అక్కా!"

"ఆ గుప్పెడే దిగింది, చూడు."

కుండ నిండలేదని రాజు మళ్ళీ ఉరిమాడు. గవరయ్య కళ్ళు మూసుకుని రెండో గుప్పెడు పోశాడు. ఈసారి నీడలు ఊరంతా కమ్మాయి. మేకలు మేతదగ్గరే నిలబడిపోయాయి. బండ దిగి వస్తున్న గవరయ్య నీడను నాలుగు గద్దనీడలు నాలుగు వైపులా పట్టి పీక్కుపోయాయి.

మాచక్క పరుగున వెళ్ళేసరికి వాడు దారి మధ్యన నిలబడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. రెప్ప పడదు.

ఆమె ఏడవలేదు. తమ్ముణ్ణి భుజాన వేసుకుంది. ఎడ్లతో సహా బండినే మోసిన మనిషికి తమ్ముడొక బరువా! వాణ్ణి ఇంట్లో పడుకోబెట్టి, తానే బండ ఎక్కి కూర్చుంది.

నీడలు ఆమె చుట్టూ వాలాయి. నోళ్ళు లేవు. మాట మాత్రం వినిపించింది, ఎండుటాకులు దొర్లినట్టు.

"అక్కా, ఆకలి. కుండ నింపు. మాకు ఒళ్ళొస్తుంది. నీ తమ్ముణ్ణి ఇచ్చేస్తాం."

మాచక్క చెయ్యి గింజల మూటదాకా వెళ్ళి, ఆగింది.

"ఎక్కణ్ణుంచి వచ్చారర్రా మీరు?"

నీడలు ఉన్నచోటే గిరగిరా తిరిగాయి.

"పోనీ, ఎక్కడికి పోతారు?"

పలకలేదు.

"రాకా పోకా లేనివాటికి నేను గింజ వెయ్యను. నా తమ్ముడి ప్రాణం మీదకొచ్చినా సరే, వెయ్యను."

పొద్దు వాలుతుండగా రాజే పరివారంతో వచ్చాడు. కుండలోకి తొంగి చూశాడు. "ఇంకా వెలితేనా? తప్పుకో!" అని తన చేత్తోనే మూడో గుప్పెడు తీశాడు.

"పొయ్యండి మహారాజా. ముందొకసారి కింద చూసుకోండి."

రాజు చూశాడు. కాళ్ళ దగ్గర తన నీడ ఉంది. దాని తలమీద కిరీటం లేదు. ఒక గద్దనీడ ఆ కిరీటపు నీడను ముక్కున కరుచుకుని పక్కకు జరిగింది. ఇంకొకటి భుజం పీకుతోంది.

"ఏం చెయ్యమంటావు తల్లీ?" రాజు గొంతు పిల్లవాడి గొంతైపోయింది.

"ఏది నిజం గింజో, ఏది దొంగ గింజో ఇక బ్రహ్మకీ తెలీదు. మొత్తం పారబోయాలి."

"మొత్తమా! పొరుగువాడు నవ్వడూ?"

"నవ్వుతాడు ప్రభూ. వినడానికి మీరుంటారు."

రాజు గుప్పిట విప్పాడు. మాచక్క కుండెత్తి లోయలోకి కుమ్మరించింది. తన్నుకుపోయిన నీడల్ని వదిలేసి, గింజల వెంట గద్దనీడలన్నీ జారిపోయాయి. ఆ రొదకి ఏడు ఊళ్ళ అవతల ఉట్లు తెగిపడ్డాయి!

అంతలో ఉత్తరం నుంచి ఆ ఏటి ఆఖరి గద్ద, ఒక ముసలిది, ఈకలు రాలిన రెక్కతో, మెల్లగా కొండ దాటింది. దాని నీడ దాని కిందే ఉంది. మాచక్క ఒక్క గింజ వేసింది. ఖాళీ కుండ ఠంగుమంది.

కింద ఇంట్లోంచి కేక వినిపించింది. "అక్కా! గంజి పొయ్యవే, ఆకలి దంచేస్తోంది!"

ఆ సాయంత్రమే దండోరా వేశారు. "ఈ ఏడు మన రాజుగారి కొండ దాటిన గద్ద... ఒకటహో!" జనం కడుపు చెక్కలయ్యేలా నవ్వారు. రాజు తల దించుకుని తన నీడ చూసుకున్నాడు. కిరీటం ఉంది. అదే పదివేలనుకున్నాడు.

పొరుగురాజు మాత్రం తన దొంగలెక్క మార్చలేదు. ఆయన చాటించిన గద్దలన్నీ దిగాయి. ఆ వీధుల్లో మనుషులు ఇప్పటికీ నిలబడే ఉన్నారు, రెప్ప వెయ్యకుండా.

లేనిదాన్ని లెక్కలో వేస్తే, అది ఉన్నదాన్ని తినేస్తుంది. కోతలంటారా? ఆనాడు "ఒకటి" అని చాటిన డప్పు గంటయ్యనే అడగండి!