ఒంటి పడవ

తవిటినాయుడు మాస్టారు ఒడ్డున నిలబడి ఏ ప్రశ్నకూ జవాబు చెప్పేవారు కారు. ఎవరేం అడిగినా "ముందు నీళ్ళ మీదికి పోయి రా, వచ్చాక అడుగు" అనేవారు. సైన్యంలో సుబేదారుగా చేసి, ఆ తర్వాత కూడా పడవ పందేల కుర్రాళ్ళకు తర్ఫీదు ఇస్తూ ఉండిపోయిన మనిషి. నీళ్ళ మీదికి పోయి వచ్చినవాళ్ళలో చాలామంది అడగాలనుకున్నది మరిచిపోయేవారు. మరిచిపోని ప్రశ్నకే ఆయన చెవి ఒగ్గేవారు.

అంతర్జాతీయ పోటీల్లో, పురుషుల డబుల్ స్కల్స్ ఫైనల్ నాటి ఉదయం, ఆ పందెంలో దిగబోతున్న అసిరినాయుడు ఆయన దగ్గరికి వచ్చాడు. పరాయి దేశం. చుట్టూ పేరు తెలియని కొండలు, మధ్యన తాడు పట్టి తవ్వినట్టు పొడుగాటి సరస్సు.

"మాస్టారూ, ఈ పందెం అయ్యాక నాకు ఒంటి పడవ ఇప్పించండి" అన్నాడు.

"ఎందుకురా?"

"ఇద్దరి పడవలో కూర్చున్నా నేనొక్కణ్ణే ఉన్నట్టుందండి. తోడు లేనివాడికి ఇద్దరి పడవ దేనికి?"

మాస్టారు గాలి ఎటు వీస్తోందో చూసుకుంటూ, "పోయి రా. వచ్చాక అడుగు" అన్నారు.

ఆ పడవలో ఇద్దరే ఉంటారు. ఒక్కొక్కరికి రెండేసి తెడ్లు. ఇద్దరూ పోయే దిక్కుకు వీపు పెట్టి, ఒకే వైపుకు తిరిగి, ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు. అసిరి వీపు వెనక ఇమ్మానియేలు కూర్చునేవాడు. అతనికి అసిరి వీపు కనిపిస్తుంది. దారి చూసుకుని చెప్పవలసిన పని కూడా అతనిదే. అసిరికి మాత్రం ఎవరూ కనిపించరు. వదిలి వచ్చిన నీళ్ళూ, ఆ నీళ్ళ మీద తమ తెడ్లు చేసిన సుడులూ, అంతే.

గోదావరి లంకల నుంచి వచ్చిన ఇమ్మానియేలు మొదట్లో, ఎంపికకు ముందు కలిసి సాధన చేసిన రోజుల్లో, బాగా మాట్లాడేవాడు. తెడ్డు వేస్తూ కూడా ఏదో ఒకటి చెప్పి నవ్వించేవాడు. ఇద్దరినీ ఒక పడవకు ఎంపిక చేసిన రోజు భోజనాల దగ్గర ఎవరో, "ఏం అసిరీ, జోడీ కుదిరిందా?" అని అడిగారు. అసిరి అన్నం కలుపుకుంటూ, "వాడికేం, అదృష్టవంతుడు. నా వీపు చూస్తూ వస్తే చాలు, మెడల్ వాడి మెడలో పడుద్ది" అన్నాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. ఇమ్మానియేలూ నవ్వాడు. ఆ మర్నాటి నుంచి పడవలో అతని నోట "ఎడమ", "కుడి" తప్ప మరో మాట రాలేదు.

అసిరి ఆ మాట అన్న సంగతే మరిచిపోయాడు. అన్నవాడు మరిచిపోవడం వింత కాదు. పక్కవాడికి పొగరెక్కిందని మాత్రం గట్టిగా నమ్మాడు.

పందెం మొదలైంది. సగం దూరం వరకు వాళ్ళ పడవ మూడో స్థానంలో ఉంది. ఆ పడవల్లో సీటు కింద చిన్న చక్రాలుంటాయి. కాళ్ళు తన్నినప్పుడల్లా సీటు రెండు పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారుతుంది. రెండు సీట్లూ కలిసి జారితే ఒకటే చప్పుడు. ఎన్నో నెలలుగా అసిరికి తోడు అంటూ ఉన్నది ఆ చప్పుడే.

సగం దూరం దాటగానే వెనక టక్కుమని ఏదో శబ్దం. ఆ తర్వాత తన సీటు చప్పుడు ఒక్కటే వినిపించింది. పడవ బరువెక్కింది. పట్టుకున్న తెడ్లు రాతిని లాగుతున్నట్టున్నాయి.

"లాగరా!" అని అరిచాడు అసిరి, తల తిప్పకుండానే.

ఇంకో రెండుసార్లు తెడ్లు వేసి మళ్ళీ అరిచాడు.

"ఏం, కూర్చుని సవారీ చేస్తున్నావా? ఇక్కడ నేనొక్కణ్ణే చావాలా?"

"ఎడమ" అంది వెనక నుంచి గొంతు. కాసేపటికి "కొంచెం కుడి."

అంతదాకా అసిరి కళ్ళెదుట వెనకబడి వస్తున్న పక్క పడవ దగ్గరికి వచ్చింది, కంటి చివరకు జరిగింది, తర్వాత కనిపించకుండా ముందుకు పోయింది. ఎదుట వట్టి నీళ్ళు మిగిలాయి. అంత మంది జనం కేకల మధ్య, అంత పెద్ద సరస్సు మీద, తనంత దిక్కులేనివాడు ఇంకొకడు లేడని అతనికి అనిపించింది. ఆ కసితోనే చివరిదాకా లాగాడు. గీత దాటేసరికి నాలుగో స్థానం. పతకాలు మూడో పడవతో అయిపోయాయి.

"ఈ రోజుతో నీకూ నాకూ సరి" అన్నాడు అసిరి నీళ్ళ వైపే చూస్తూ. వెనక నుంచి రొప్పుతున్న చప్పుడు వచ్చింది.

పడవ రేవుకు చేరింది. మాస్టారు అసిరి వైపు చూడనైనా చూడలేదు. గబగబా వచ్చి చెక్కల మీద మోకాళ్ళూని, ఇమ్మానియేలు చంకల కింద చేతులు వేసి, చంటిపిల్లవాణ్ణి ఎత్తినట్టు పైకి ఎత్తారు. అప్పుడు అసిరి వెనక్కి తిరిగాడు.

ఇమ్మానియేలు సీటు పట్టాల మీద లేదు. చక్రం విరిగి, పడవ అడుగున ఓ పక్కకు పడి ఉంది. ఉత్త పట్టాల మీద కూర్చుని, కాళ్ళ ఊతం లేకుండా, నడుముతోనూ చేతులతోనూ సగం పందెం లాగాడతను. రెండు పట్టాలూ ఎర్రగా ఉన్నాయి. తొడల వెనక చర్మం లేచిపోయి ఉంది.

"ఎందుకు చెప్పలేదురా?" అన్నాడు అసిరి.

"చెబితే వెనక్కి తిరుగుతావు. తిరిగితే పడవ ఆగిపోద్ది."

డాక్టరు మనుషులు మోసుకుపోయే మంచం తెచ్చారు. దాని మీద బోర్లా పడుకుంటూ ఇమ్మానియేలు మెల్లగా అన్నాడు: "నీ వీపు చూస్తూ వస్తే చాలన్నావు కదన్నా. చూస్తూ వచ్చాను."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని అసిరి వెతికాడు. ఉంటే బాగుండుననిపించింది. లేదు.

మధ్యాహ్నం అసిరి, గాయానికి కట్టు కట్టిన గదికి వెళ్ళాడు. ఇమ్మానియేలు గోడ వైపు మొహం పెట్టి పడుకుని ఉన్నాడు.

"నొప్పిగా ఉందా తమ్ముడూ?"

"పర్లేదన్నా."

తమ్ముడూ అని పిలవడం అదే మొదటిసారని అసిరికి ఆ పిలుపు నోట్లోంచి వచ్చాకే తెలిసింది. గుమ్మంలోనే నిలబడ్డాడు. ఆ మొహం గోడ వైపు నుంచి తిరగలేదు. వచ్చేశాడు.

పొద్దు వాలే వేళకు పడవల షెడ్డులో మాస్టారు ఒక్కరే ఉన్నారు. కొయ్య బల్లల మీద ఎత్తి పెట్టిన పడవను తడిగుడ్డతో తుడుస్తున్నారు. పట్టాలు మాత్రం తుడవలేదు.

"మాస్టారూ" అన్నాడు అసిరి, "ఒంటి పడవ వద్దండి. వాడు మళ్ళీ నా వెనక కూర్చుంటాడా?"

మాస్టారు గుడ్డ పిండి పక్కన పెట్టారు. "ఎక్కు. వాడి చోట కూర్చో."

అసిరి జాగ్రత్తగా ఎక్కి ఉత్త పట్టాల మీద కూర్చున్నాడు. కదలకుండా కూర్చున్నా ఇనుము కోసుకుంటూనే ఉంది. ఇన్ని నెలల్లో ఆ చోట కూర్చోవడం అదే మొదటిసారి.

"ఏం కనిపిస్తోంది?"

"నా సీటండి." దాని వైపే చూస్తూ, "ఖాళీగా ఉంది" అన్నాడు.

షెడ్డు బయట గెలిచిన దేశం వాళ్ళ పాటలు వినిపిస్తున్నాయి. మాస్టారు బక్కెట్టు అందుకుని గుమ్మం దాకా నడిచి, అక్కడ ఆగారు.

"పొద్దున ఒంటి పడవ ఇప్పించమన్నావు కదూ. దాంట్లోంచి నువ్వు దిగిందెప్పుడురా?"