తవ్వకూడని కొండ

అనగనగా ఒక రాజు. ఆయన రాజ్యం సముద్రం ఒడ్డున. అక్కడ మాఘమాసంలో కూడా చెమటలు కారతాయి, మంచుగడ్డంటే ఏమిటో ఎవరూ ఎరగరు. రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, మంచి బలశాలి. రెండోవాడు వీరకేతుడు, వాడూ బలశాలే. మూడోవాడు మణికేతుడు. వీడి బలం అంతంతమాత్రం గానీ, వీడికి ‘ఎందుకు’ అనే జబ్బుంది. పీత పక్కకే ఎందుకు నడుస్తుంది, ఉప్పు తెల్లగా ఎందుకుంది, పొద్దస్తమానం ఇదే గోల. చదువు చెప్పే పంతులుగారు వీడి ధాటికి తట్టుకోలేక కాశీ వెళ్ళిపోయారు.

ఏడు సముద్రాల అవతల తెల్లకొండ ఉంది. దాని మీద కరాళుడనే మాంత్రికుడు. ఆ కొండదేశపు రాజుగారి కూతురు హేమవల్లిని వాడు ఎత్తుకుపోయి, తన గుహలో వంటకి పెట్టుకున్నాడు. విడిపించి తెస్తానని జయకేతుడు వెళ్ళాడు, తిరిగి రాలేదు. అన్నని వెతుకుతూ వీరకేతుడు వెళ్ళాడు, వాడూ తిరిగి రాలేదు. నేను వెళ్తానని మణికేతుడు లేచాడు. రాజు వద్దన్నాడు. ఎందుకు వద్దు, ఏమిటి వద్దు అని వీడు మొదలుపెట్టేసరికి, వెళ్ళిరా నాయనా అని ఆయనే దండం పెట్టాడు.

ఏడు సముద్రాలూ ఎలా దాటాడంటారా? మొదటిది పడవ మీద, రెండోది తాబేలు వీపు మీద. మిగిలిన అయిదూ దాటించిన గద్ద, దారి పొడవునా వీడి ప్రశ్నలు విని విని, కొండ కనబడగానే గబుక్కున దింపేసి వెనక్కి చూడకుండా ఎగిరిపోయింది.

కరాళుడు వీణ్ణి చూసి మంత్రం వెయ్యలేదు, కత్తి దుయ్యలేదు. చెయ్యి పట్టుకుని కొండ మీద ఒక చదునైన చోటికి తీసుకెళ్ళాడు. అక్కడ నేలంతా రాళ్ళు వలయాలుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో వలయం మధ్యలో మెత్తటి మట్టి, చుట్టూ రాళ్ళు.

“నా ప్రాణం చిలకలో ఉంది,” అన్నాడు కరాళుడు. “చిలక రాతిపెట్టెలో ఉంది. పెట్టెని ఇదిగో, ఈ పెద్ద వలయం కింద నిలువెత్తు లోతున పాతిపెట్టాను. కావాలంటే తవ్వుకో. కానీ ఈ వలయాల్లో గునపం గానీ గోరు గానీ దింపినవాడు, వాడెవడైనా సరే, ఆ క్షణమే రాయైపోతాడు.”

పక్కనే ఇద్దరు రాతి మనుషులు గునపాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకరు జయకేతుడు, ఇంకొకరు వీరకేతుడు. పాపం మణికేతుడు అన్నల కాళ్ళు కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకున్నాక, వీడి బుద్ధి ఎక్కడికి పోతుంది, రాళ్ళని ఇంత గుండ్రంగా ఎవరు పేర్చారని అడిగాడు. నా మంత్రమే అన్నాడు కరాళుడు. నిజానికి వాడికీ తెలీదు. వాడూ ఎండదేశంనుంచి వచ్చినవాడే, ఇక్కడైతే ఎవరూ రారని కొండెక్కి కూర్చున్నాడంతే. ఇవాళ కాకపోతే రేపైనా వీడూ తవ్వకపోతాడా అనుకుని మణికేతుణ్ణి అక్కడే వదిలేశాడు.

కొండ మీద ఒక ముసలి జడలబర్రె ఉంది. దాని ఒంటి వెచ్చదనంలో ముడుచుకుని పడుకునేవాడు మణికేతుడు. ఆ బర్రెకి ఒకటే సణుగుడు. ఏటేటా చలికాలం వెళ్ళగానే తను నడిచే దారిలో కొత్త రాళ్ళు లేస్తాయిట, గిట్టలు అరిగిపోతున్నాయిట.

“ఎవరు తెచ్చి పడేస్తున్నారు పెద్దమ్మా?” అని అడిగాడు మణికేతుడు.

“ఎవరూ తేవట్లేదు నాయనా. కిందనుంచే వస్తున్నాయి,” అంది బర్రె.

అంతే, వీడికి నిద్ర పట్టలేదు. రాయికి కాళ్ళా చేతులా? కిందకి పోవాల్సింది పైకెందుకొస్తుంది?

మొదట ఒక మట్టికుండ నిండా నీళ్ళు పోసి, మూత బిగించి బయట పెట్టాడు. తెల్లారేసరికి నీళ్ళు గడ్డకట్టి కుండ పగిలి ఉంది. ఓహో, నీళ్ళు గడ్డకడితే ఉబ్బుతాయన్నమాట. తరవాత వలయాలకి దూరంగా తడిమట్టిలో గులకరాళ్ళు పాతి చూశాడు. పొద్దున మట్టి ఉబ్బి, రాళ్ళని కూడా పైకెత్తింది. ఎండెక్కి మంచు కరిగాక మళ్ళీ వచ్చి చూశాడు. రాయి కిందకి దిగుదామనుకునేలోపే, మెత్తటి మట్టి జారి దాని కింద చేరిపోయింది. ఇంక రాయి ఎక్కడికి దిగుతుంది? రాత్రి లేవడం, పగలు కొంచెమే దిగడం. అలా రోజూ కాస్త కాస్త పైకి. మూడో సంగతి వలయాలని చూస్తూ చూస్తూ కనిపెట్టాడు. మధ్యలో మట్టి ఉబ్బినప్పుడల్లా, పైకొచ్చిన రాళ్ళు అంచులకి దొర్లిపోతున్నాయి. మంత్రమూ లేదు, మాంత్రికుడూ లేడు. చలీ, నీళ్ళూ కలిసి ముగ్గు పెడుతున్నాయి.

అప్పుడు వీడికి ఇంకో ప్రశ్న తట్టింది. రాళ్ళు పైకొస్తే, రాతిపెట్టె మాత్రం రాదా? పరుగున గుహకి వెళ్ళి, కరాళుడు ఇక్కడికి ఎప్పుడొచ్చాడని హేమవల్లిని అడిగాడు. మా ముత్తవ్వ చిన్నప్పటికే వాడు ఇక్కడున్నాడంది ఆమె. అన్ని చలికాలాలు! అయితే పెట్టె దగ్గరదాకా వచ్చేసి ఉంటుంది.

ఆ సంతోషంతో అన్నలకి చెబుదామని పోయి చూస్తే, జయకేతుడి భుజం మీద సన్నటి పగులు. నిన్న లేదది. మంచు కరిగిన నీళ్ళు అందులో నిలిచి మెరుస్తున్నాయి. మణికేతుడికి పగిలిపోయిన కుండ కళ్ళ ముందు మెదిలింది. పెట్టెని పైకి తెచ్చే చలే అన్నని రెండు ముక్కలు చేసేస్తుంది. చలి రావాలి, చలి రాకూడదు. ఏం చెయ్యాలో తోచక బిక్కచచ్చిపోయాడు పిల్లాడు.

తోవ చూపించింది హేమవల్లి. పగుల్లో నీళ్ళు లేకపోతే చలి ఏం చేస్తుంది అంది. ఇద్దరూ ఆ నీళ్ళు గుడ్డతో తుడిచి, బర్రెవెన్న తెచ్చి పగులంతా కూరారు. వీరకేతుడి చెవి పక్కన గీత కనబడితే దానికీ కూరారు. బర్రె తన జడలు ఇచ్చింది. వాటితో కంబళ్ళు నేసి, చుక్క నీరు దిగకుండా ఇద్దరికీ కప్పారు. ఇక మణికేతుడు కడవ భుజానికెత్తి, పెద్ద వలయం నడుమ రోజూ నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాడు. ఎంత తడి ఉంటే అంత ఉబ్బుతుంది కదా.

కరాళుడు చూసి, ఏం చేస్తున్నావని అడిగాడు. పూలమొక్కలు వేద్దామని అన్నాడు వీడు. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నీళ్ళు పోస్తే శాపం తగలదు మరి, తగిలేది తవ్వితేనే.

చలికాలమంతా అలాగే గడిచింది. రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం. మణికేతుడి చేతులు పగిలి నెత్తురు కారింది. మిగిలిన వెన్న వాటికి రాసింది హేమవల్లి. ఎండ ముదిరిన ఒక పొద్దున, వలయం నడుమ మట్టిని చీల్చుకుని రాతిపెట్టె మూత బయటికి పొడుచుకొచ్చింది. దాని మీద చెక్కిన చిలక ముక్కు స్పష్టంగా కనబడుతోంది.

కరాళుడు షికారుకొచ్చి అది చూశాడు. ముఖంలో నెత్తుటి చుక్క లేదు. ఎవడు తవ్వాడని అరిచాడు. ఎవరూ తవ్వలేదని మణికేతుడు నెమ్మదిగా చెప్పాడు. వాడు గుహలోకి పరిగెత్తి ఇంత లావు గునపం తెచ్చాడు.

“గునపం ఎందుకు?” అన్నాడు మణికేతుడు. అలవాటు కొద్దీ అడిగేశాడు.

“ఇంకా లోతుగా పాతిపెడతాను, తప్పుకో!” అని కరాళుడు గునపం నేలలోకి దింపాడు.

వాడెవడైనా సరే అన్నది వాడే కదా. పాదాలు బిగుసుకున్నాయి, నడుం బిగుసుకుంది, నోరు తెరిచింది తెరిచినట్టే రాయైపోయింది. మణికేతుడు పెట్టె మూత తెరిచేసరికి చిలక ఒళ్ళు దులుపుకుని, ఎండలోకి ఎగిరిపోయింది. దాంతోపాటే కరాళుడి ప్రాణమూ, వాడి శాపమూ పోయాయి.

వెనకనుంచి ఎవరో తుమ్మారు. “ఒరేయ్ తమ్ముడూ, నా భుజానికి ఈ వెన్నేమిట్రా?” అన్నాడు జయకేతుడు. వీరకేతుడు చెవి రుద్దుకుంటున్నాడు. మణికేతుడు అన్నలిద్దరినీ వాటేసుకున్నాడు.

హేమవల్లి తండ్రి ఏడు ఊళ్ళకి భోజనాలు పెట్టి పెళ్ళి చేశాడు. అన్నలు సముద్రం ఒడ్డున ఏలితే, మణికేతుడూ హేమవల్లీ కొండదేశం ఏలారు. తడిమట్టి మీద గోడ లేపొద్దని, పునాదిలో నీళ్ళు నిలవని గులక పొయ్యమని జనానికి నేర్పారు. అక్కడి ఇళ్ళు చలికి బీటలివ్వడం మానేశాయి. కొలువులో ఎంత చిన్నపిల్లలైనా సరే, లేచి ఎందుకని అడగొచ్చు. తెలిస్తే మణికేతుడు చెప్పేవాడు. తెలియకపోతే కిరీటం పక్కన పెట్టి, “నాకూ తెలీదు, పద చూద్దాం,” అని సింహాసనం దిగి వాళ్ళ వెంట బయల్దేరేవాడు.

వాళ్ళు కొండ మీద చల్లగా ఉన్నారు, ఇక్కడ మీ అన్నాలూ చల్లారిపోతున్నాయి. లేవండి.