ఓబన్న నాటిన ముళ్ళగీత

అనగనగా ఒక అడవిలో అని మొదలుపెట్టాలి పిల్లలూ. అలాగే మొదలుపెడతాను. అయితే ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ కథ నేను విని చాలా ఏళ్ళయింది. ఇది వేసవి చివర జరిగిందో, వానల మొదట్లో జరిగిందో నాకు సరిగా గుర్తు లేదు. వాగులో నీళ్ళు మోకాలి లోతే ఉన్నాయని గుర్తుంది. వాగు అవతల ఒక దుప్పి ఒంటరిగా నిలబడి ఉందని గుర్తుంది. మిగిలినదానిలో కొంత నా జ్ఞాపకం కల్పించుకున్నదైనా కావచ్చు. ఆ దుప్పి నిలబడిన తీరు మాత్రం కల్పన కాదు.

అనగనగా ఆ అడవిలో ఒక దుప్పుల మంద ఉండేది. ఆ మందకు ఒక ఉప్పురాయి ఉండేది. తరతరాలుగా దుప్పులు నాకి నాకి ఆ రాతి నడుమ నున్నని గుంట పడింది.

మందలో ఒక ఆచారం ఉండేది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే, అందరూ కలిసి ఆ దుప్పిని ఉప్పురాయి దగ్గరకు నడిపించేవారు. ముందు జబ్బుపడిన దుప్పి రాయిని నాకాలి. తరువాత పెద్దలు, ఆ తరువాత తల్లులు, చివరికి కూనలు, ఒకరి వెనుక ఒకరు అదే గుంటను నాకాలి. ఆపైన జబ్బుపడిన దుప్పి నుదుటిని నాకి, "నీ బాధలో మాకూ పాలు" అనాలి. దానిని వారు ఉప్పు పలకరింపు అనేవారు. అది ప్రేమలో పుట్టిన ఆచారం. అందులో సందేహం లేదు. ప్రేమలో పుట్టింది కాబట్టే దానిని ఎవరూ పరీక్షించి చూడలేదు.

ఆ మందలో పొగడ అనే తల్లి దుప్పి ఉండేది. ఆమెకు నాలుగు నెలల కూన. కూన పేరు రేగు.

ఒకనాటి ఉదయం పొగడ గడ్డి కొరికితే నోరు మండింది. నాలుక మీద పొక్కులు లేచాయి. గిట్టల మధ్య చిన్న పుండు కనిపించింది. నోటి నుంచి చొంగ తీగలా సాగింది.  నిరుడు ఇదే జబ్బు ఆమె అక్కకు వచ్చింది.

నిరుడు మందంతా అక్కను ఉప్పురాయి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆ రోజు పొగడ కాలిలో ముల్లు విరిగి, కొండ అవతలే ఉండిపోయింది. పది రోజులు తిరగకముందే మందంతటికీ నోళ్ళు పుండ్లు పడ్డాయి. పెద్దలు ఎండి ఎముకలు తేలి, ఎలాగో కోలుకున్నారు. కూనలు కోలుకోలేదు. పదకొండు కూనలు పోయాయి. "చెడుగాలి వీచింది" అన్నారు పెద్దలు. ఆ చెడుగాలి పొగడ ఒక్కదాన్ని ఎందుకు వదిలిందని ఎవరూ అడగలేదు. "సొంత అక్క ఉప్పుకు కూడా రాలేదు చూడు" అని మాత్రం ఏడాది పొడుగునా దెప్పారు.

ఆ ఉదయం రేగు పాలకు వచ్చింది. పొగడ వెనక్కి జరిగింది.

"ఏమ్మా?" అంది రేగు.

"ఇవాళ్టి నుంచి గడ్డి తిను. ఈరమ్మ అమ్మమ్మ దగ్గర ఉండు."

"ఎందుకు?"

పొగడ వెనుదిరిగింది. మంద నీళ్ళు తాగే రేవుకు బాగా దిగువన వాగు దాటి, అవతలి ఒడ్డుకు వెళ్ళిపోయింది. ఎగువన దాటితే తన నోటి చొంగ మంద తాగే నీటిలో కలుస్తుంది. అంత ఆలోచన ఆమెకు ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెప్పలేను. పదకొండు కూనల మీద ఈగలు వాలడం చూసిన తల్లికి రావచ్చు.

అవతలి ఒడ్డున ఒక బొరియ ఉంది. అందులో ఓబన్న అనే ముసలి ముళ్ళపంది ఉండేవాడు. పొద్దు వాలాక అతడు బయటకు వచ్చి పొగడను చూశాడు.

"అక్కడే ఆగు తల్లీ," అన్నాడు. "తప్పుగా అనుకోకు. అందరికీ ఇదే చెబుతాను. నా దగ్గరకు వస్తే గుచ్చుకుంటుంది."

"నా దగ్గరకు వస్తే అంటుకుంటుంది ఓబన్నా," అంది పొగడ.

ఓబన్న ఆమె నోటి చొంగను, గిట్టల మధ్య పుండును చూశాడు. "అయితే మన ఇద్దరికీ కుదురుతుంది," అని ఇరవై అడుగుల దూరంలో కూర్చున్నాడు.

మూడవ రోజున మంద వచ్చింది. ముందు పెద్దయ్య ఉన్నాడు. అతడు మందకు పెద్ద, ఎత్తైన కొమ్ముల మగ దుప్పి. పక్కన పొగడ పిన్ని ఈరమ్మ ఉంది. పెద్దయ్య నీళ్ళలో కాలు పెట్టబోయాడు.

"దాటకండి పెద్దయ్యా!" అని అరిచింది పొగడ.

"ఏం మాటమ్మా అది? నీకు బాగాలేదని తెలిసి ఇంతమందిమి వచ్చాం. లే, ఉప్పురాయి దగ్గరకు నడువు."

"నేను రాను. నాకు వచ్చింది అక్కకు వచ్చిన జబ్బే. అక్క నాకిన రాయినే మీరందరూ నాకారు. నేను నాకలేదు. మీకందరికీ వచ్చింది. నాకు రాలేదు. కాస్త ఆలోచించండి."

మందలో గుసగుసలు లేచాయి. పెద్దయ్య మెడ నిటారుగా అయింది.

"అంటే పిల్లల్ని చంపింది మా పలకరింపే అంటావా?"

పొగడ తల వంచుకుంది. అవును అనడానికి ఆమెకు నోరు రాలేదు. కాదు అనడానికి మనసు రాలేదు.

"సరే," అన్నాడు పెద్దయ్య. "మా పలకరింపు వద్దన్నదానికి మా మందలో చోటు కూడా ఉండదు. పదండి."

ఈరమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. తరువాత ఆమె కూడా వెళ్ళిపోయింది.

ఆ సాయంకాలం పొగడ ఓబన్నను అడిగింది. "నిన్ను ఎప్పుడైనా ఉప్పు పలకరింపుకు పిలిచారా?"

"ఒకసారి నేనే వెళ్ళాను. నువ్వు వరసలో నిలబడితే నీ ముళ్ళకు మా కళ్ళు పోతాయి, వెళ్ళు వెళ్ళు అన్నారు. నిజమే కదా, పోయేవి," అన్నాడు ఓబన్న.

ఆరవ రోజున చెంగయ్య అనే కొండముచ్చు వచ్చాడు. దుప్పులు మేసే చోటే, చెట్ల మీద అతడి కాపురం. అతడు పొగడ నెత్తిమీది కొమ్మ మీద కూర్చుని తోక ఊపాడు.

"ఏం వదినా, అలకపాన్పు ఎక్కావట! కట్నంగా ఏం కావాలేమిటి? అడవి మొత్తం రాసివ్వమంటావా?"

"నవ్వకు మరిదీ, నోరు మండుతోంది. రేగు ఎలా ఉంది?"

చెంగయ్య తోక ఊపడం మానేశాడు. "గడ్డి సరిగా తినడం లేదు. రాత్రంతా అమ్మా అమ్మా అంటోంది. ఒక్కసారి వచ్చి నుదురు నాకి వచ్చేయి. ఒక్కసారికి ఏమవుతుంది?"

ఓబన్న బొరియ లోపలి నుంచే మాట్లాడాడు. "చెంగయ్యా, నిరుడు ఉప్పు పలకరింపు నాడు నువ్వు ఎక్కడ ఉన్నావు?"

"ఉప్పురాయి పక్కన మద్దిచెట్టు మీద."

"ఎవరు నాకారో చూశావా?"

"అందరినీ చూశాను. కూనలు చివర నిలబడ్డాయి. ఆఖరుది చిన్నది, దానికి రాయి అందకపోతే వాళ్ళమ్మ కింద నుంచి తలతో ఎత్తింది..." చెంగయ్య ఆగిపోయాడు. కొమ్మను గట్టిగా పట్టుకున్నాడు. "అదే ముందు పోయింది."

"ఈ మాట ఎవరికైనా చెప్పావా?"

"ఎవరూ అడగలేదు కదా!"

"ఇప్పుడు నేను అడిగాను," అన్నాడు ఓబన్న.

చెంగయ్య ఇక హాస్యమాడలేదు. ఆ మాటను మందకు చేరవేయడానికి ఒప్పుకున్నాడు. మొదట ఎవరూ నమ్మలేదట. కొండముచ్చు కబుర్లు అని నవ్వారట. ఆఖరి కూన తల్లి మాత్రం నవ్వలేదట.

ఎనిమిదవ రోజు సాయంకాలం రేగు వచ్చింది. ఎవరికీ చెప్పకుండా, ఒంటరిగా వచ్చింది. వాగు అవతల తల్లిని చూడగానే దాని చెవులు నిక్కాయి.

"అమ్మా! వస్తున్నా!"

పొగడ ఒళ్ళంతా ముందుకు ఉరికింది. నాలుగు కాళ్ళు మాత్రం కదలలేదు. పిల్లలూ, ఈ కథలో జరిగిన పెద్ద పని అదే. కాళ్ళు కదలకపోవడం.

"రావద్దు," అంది పొగడ.

"ఒక్కసారి అమ్మా. తల మీద. ఒక్కసారి నాకి పంపెయ్యి."

"రావద్దన్నానా! వెనక్కి వెళ్ళు!"

రేగు వినలేదు. ముందు గిట్టలు నీళ్ళలో పడ్డాయి. పొగడ వెనుదిరిగి ఎత్తైన గడ్డిలోకి వెళ్ళి నిలబడింది, తాను కనిపిస్తే పిల్ల ఆగదని. అప్పుడే ఓబన్న రాళ్ళ మీదుగా వాగు దాటి రేగుకు అడ్డంగా వచ్చాడు. ముళ్ళన్నీ లేపాడు. అవి గలగలమన్నాయి. రేగు బెదిరి ఒడ్డు మీదకు దూకింది.

"నువ్వు చెడ్డవాడివి!" అని ఏడ్చింది.

"అవునమ్మా. అలాగే అనుకో. కానీ అక్కడే నిలబడి అనుకో," అన్నాడు ఓబన్న.

తరువాత అతడు ఒళ్ళు దులిపాడు. ఊడిన ముళ్ళను నోటితో ఒక్కొక్కటే తీసి, ఒడ్డున ఇసుకలో వరసగా నాటాడు. నలుపు తెలుపు చారల గీత ఒకటి ఏర్పడింది.

"ఇది దాటకూడదు. ఇక్కడి నీళ్ళు తాగకూడదు. అంతే. ఇక్కడ చేయకూడనివి ఆ రెండే. చేయదగిన పని ఒకటి ఉంది. పిలవవచ్చు."

రేగు ముక్కు ఎగబీల్చింది. గీత అంచున నిలబడింది.

"అమ్మా," అంది.

గడ్డి కదలలేదు.

"అమ్మా!" అంది మళ్ళీ.

గడ్డి కదిలింది.

"అమ్మా!" అని మూడవసారి పిలిచింది. పొగడ గడ్డిలో నుంచి తల పైకెత్తింది. "రేగూ," అంది. ఆ రోజుకు వారు మాట్లాడుకున్నది అంతే. చీకటి పడకముందే ఈరమ్మ వెతుక్కుంటూ వచ్చి, గీత దగ్గర ఆగి, రేగును తీసుకువెళ్ళింది.

మరునాడు రేగుతో పాటు ఈరమ్మ వచ్చి పిలిచింది. ఆ మరునాడు, నిరుడు ఆఖరి కూనను పోగొట్టుకున్న తల్లి వచ్చింది. ఆమె గీత దగ్గర నిలబడి, "పొగడా" అని ఒక్కసారి పిలిచి వెళ్ళిపోయింది. పెద్దయ్య రావడానికి పన్నెండు రోజులు పట్టింది. వచ్చినవాడు పొగడను కాక ముళ్ళగీతను చూస్తూ నిలబడ్డాడు.

"ఉప్పు లేకుండా నోరు చప్పబడి ఉంటుంది నీకు," అన్నాడు చివరికి.

మరుసటి రోజు అతడు కొమ్ములతో ఉప్పురాతిని కుమ్మి ఒక పెళ్ళ ఊడదీశాడు. చెంగయ్య దానిని చంకన పెట్టుకుని, కొమ్మల మీదుగా వచ్చి, పొగడ ముందు జారవిడిచాడు. "ఇది నీ ఒక్కదానికే వదినా, ఎవరికీ ఎంగిలి పెట్టకు," అన్నాడు. ఆ జబ్బులో పొగడ మొదటిసారి నవ్వింది.

పుండ్లు మానాయి. మానాక కూడా ఓబన్న ఆమెను మరో పది రోజులు ఆపాడు. "పైకి మానినది లోపల మానిందో లేదో," అన్నాడు. ఆ ఏడు మందలో ఒక్క కూన కూడా పోలేదు.

వెళ్ళే రోజున పొగడ ఓబన్న ముందు నిలబడింది. నుదురు నాకి వీడ్కోలు చెప్పాలనిపించింది. ముళ్ళను చూసి ఆగింది.

"నెల రోజులకే నాకు ప్రాణం పోయినట్టుంది. జీవితమంతా ఇలా దూరంగా ఎలా ఉంటున్నావు ఓబన్నా?"

ఓబన్న ఇసుకను కాసేపు గీరాడు. "దూరం పెద్ద కష్టం కాదు తల్లీ, అలవాటవుతుంది. నువ్వు రోజూ నన్ను పేరు పెట్టి పిలిచావు చూడు, ఇక ఆ అలవాటు తప్పుతుంది. అదే కొంచెం..." అని మాట పూర్తి చేయకుండా బొరియలోకి వెళ్ళిపోయాడు.

పొగడ వాగు దాటింది. అవతల రేగు గంతులు వేస్తోంది. తల్లి బిడ్డ నుదురు నాకింది. ఎంతసేపు నాకిందో చెప్పడానికి నాకు మాటలు చాలవు.

కథ ఇక్కడ ముగించవచ్చు. ఒక సంగతి మాత్రం దాచాను. ఆ మరుసటి వానల్లో ఓబన్నకు దగ్గు పట్టుకుంది. అతడు తన బొరియ ముందు తానే ముళ్ళగీత నాటుకుని, దాని వెనుక పడుకున్నాడు. ఆ గీతకు ఇవతల ఎవరెవరు వచ్చి నిలబడ్డారో, ఎవరు రాలేదో, ఎవరైనా "ఓబన్నా" అని పిలిచారో లేదో నేను విన్నాను. ఆ భాగం మరిచిపోలేదు. కావాలనే చెప్పలేదు. అది చెబితే, అక్కడ మీరైతే ఏం చేసేవారో మీరు ఆలోచించరేమోనని నా భయం.

నీతి: అంటుకునే జబ్బు వచ్చినవారిని తాకకుండా దూరంగా నిలబడాలి, అయితే పేరు పెట్టి పిలిస్తే వారికి వినపడేంత దగ్గరలోనే నిలబడాలి.