గవరయ్యకి కంప్యూటర్ చేసిన పెళ్ళి

తునిలో పెళ్ళి సంబంధాల కేంద్రం నడిపే కామేశానికి, అతని భార్య సూరమ్మకి, తమ్ముడు గవరయ్యకి బుర్రంటే తమదేనని మహా గర్వం. దేవుడు తెలివి పంచేటప్పుడు మిగతా ఊరంతా నిద్రపోయిందని గవరయ్య నమ్మకం. ఊరందరికీ సంబంధాలు చూసే ఆ ఇంట్లో గవరయ్యకి మాత్రం నలభై దగ్గర పడుతున్నా పెళ్ళి కాలేదు. ఆ బుర్ర చూసి పిల్లనెవరిస్తారు, నా మొహం!

ఎట్టకేలకు పిఠాపురం నుంచి కోటిలింగం అనే ఆయన కూతుర్ని తీసుకుని సాయంత్రం వస్తానన్నాడు. అబ్బాయి వివరాలు కంప్యూటర్లో చూపించమన్నాడు. గవరయ్య పొద్దున్నే మల్లెపూలు కూడా కొని పెట్టుకున్నాడు. తీరా చూస్తే, కొత్తగా కొన్న డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పాత ఫైలుని లోపలికి తీసుకోనంటోంది. తెర నిండా ఎర్రక్షరాలు.

గవరయ్య వెంటనే సాఫ్ట్‌వేర్ అమ్మిన పాపారావుకి ఫోన్ చేశాడు.

"పుట్టిన తేదీలు తలో రకంగా కొట్టారండీ. కొన్నిట్లో రోజు ముందు, కొన్నిట్లో నెల ముందు. అన్నీ ఒకేలా ఉండాలి" అన్నాడు పాపారావు.

"ఇంతేనా!" అన్నాడు కామేశం. అంతే, ఫైల్లో ఉన్న పెళ్ళికొడుకులూ పెళ్ళికూతుళ్ళూ అందరూ ఒక్కరోజే పుట్టేశారు, అదీ కామేశం పుట్టినరోజున.

"ఇక మన కేంద్రంలో వయసు తేడాల గొడవే లేదు" అని మురిసిపోయాడు గవరయ్య.

మళ్ళీ ఎర్రక్షరాలు. "భార్య లేదా భర్త పేరు అన్న గడులు ఖాళీగా ఉన్నాయండీ. ఖాళీ ఉంటే తీసుకోదు, ఏదో ఒకటి నింపండి" అన్నాడు పాపారావు.

పెళ్ళికానివాళ్ళకి ఆ గడి ఖాళీగా కాక ఎలా ఉంటుంది? ఆ ముక్క ముగ్గురిలో ఒక్కరికైనా తట్టాలి కదా! కామేశం ప్రతి గడిలోనూ తన పేరే కొట్టేశాడు. సూరమ్మ తెర చూసి గొల్లుమంది.

"ఓర్నాయనో! ఇంతమంది మనింటికొస్తే అన్నం ఎవరు వండుతారు?"

"వంతులేసుకోండి వదినా" అన్నాడు గవరయ్య.

మళ్ళీ ఎర్రక్షరాలే. "ఆ గడిలో ఒక పేరు ఒక్కసారే ఉండాలండీ. అసలు మీరేం చేస్తున్నారు?" అని పాపారావు అడుగుతుండగానే కామేశం ఫోన్ పెట్టేశాడు.

ఇంకేముంది! సూరమ్మ నోటికొచ్చిన పేరల్లా చెప్పడం, గవరయ్య కొట్టడం. చుట్టాలైపోయారు, పక్కింటివాళ్ళైపోయారు. ఆఖరికి గవరయ్య గడి ఒక్కటే మిగిలింది. సూరమ్మ పెరట్లోకి తొంగి చూసి "గౌరి" అంది. గౌరి అంటే వాళ్ళ గేదె.

ఈసారి ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి. తప్పులేవీ లేవు, ఫైలంతా లోపలికి వెళ్ళింది. ముగ్గురూ ఎగిరి గంతేశారు.

సాయంత్రం కోటిలింగం తెర చూసి తెల్లబోయాడు. "ఇదేమిటండీ, అబ్బాయికి పెళ్ళైందా? ఎవరీ గౌరి?"

"మా గేదెండీ, పూటకి నాలుగు లీటర్లిస్తుంది" అంది సూరమ్మ గొప్పగా.

కోటిలింగం మంచివాడు, పాపం. పగలబడి నవ్వాడు. "ఆ పేరు తీసెయ్ నాయనా. మా అమ్మాయికి నువ్వు నచ్చావట."

గవరయ్య ఆ అమ్మాయి వంక చూశాడు. చక్కగా ఉంది, నవ్వుతోంది కూడా. అతనికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎలా తీసేస్తానండీ? పొద్దుట్నించి ఈ కంప్యూటర్ మా ప్రతి తప్పూ పట్టుకుంది. ఇదీ తప్పైతే ఊరుకునేదా? నాకు పెళ్ళైపోయిందండీ. ఒకరుండగా ఇంకొకరిని చూడటం మా వంశంలో లేదు."

కోటిలింగం కూతురి చెయ్యి పట్టుకుని వెనక్కి చూడకుండా వెళ్ళిపోయాడు. ఆ పిల్ల అదృష్టవంతురాలు.

గవరయ్య కళ్ళు తుడుచుకుని, మల్లెపూలు తీసుకెళ్ళి గౌరి కొమ్ముకి చుట్టాడు. గౌరి తల విదిల్చి, కింద పడ్డ పూలని నమిలి మింగేసింది.

"అన్నయ్యా, అలిగినట్టుంది!"

"కొత్త కదరా, సర్దుకుంటుంది. కుడికాలు ముందు పెట్టించి లోపలికి తీసుకురా. సూరమ్మా, హారతి పళ్ళెం!"

గవరయ్య గుమ్మం దగ్గర ఆగి, వంగి చాలాసేపు చూశాడు. "అన్నయ్యా, దీనికి కుడికాళ్ళు రెండున్నాయి. ఏది ముందు?"

"పాపారావుకి ఫోన్ చెయ్యి" అన్నాడు కామేశం.