కాశీకి పోయిన లక్కగుర్రం

గొర్లిపాలెంలో బుద్ధాల వారింటికి తలుపు లేదు. దొంగలు మొదట చెయ్యి వేసేది తలుపు మీదే కదా అని, ముందుజాగ్రత్తగా దాన్ని ఊడదీసి అటక మీద దాచేశారు. ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. అన్న సింహాద్రి, తమ్ముడు పైడిరాజు, తల్లి పోయిన ఆ ఇద్దర్నీ పెంచి పెద్దచేసిన మేనత్త నరసమ్మ. అన్నదమ్ములకు నలభై దాటాయి. ఊళ్ళో ఉన్న తెలివంతా తమ ఇంట్లోనే పోగుపడిందనీ, అందుకే మిగతావాళ్ళకు చాల్లేదనీ ముగ్గురికీ గట్టి నమ్మకం. పక్కింటివాళ్ళను చూసి జాలిపడేవారు కూడా. పాపం, మంచి మనసులు.

నరసమ్మకు ఒకటే కోరిక. కాశీ చూడాలి. కానీ బస్సు హారన్ వింటేనే ఆవిడకు కడుపులో తిప్పుతుంది. అనకాపల్లి దాటి ఎరగదు. "గంగలో ఒక్క మునక మునక్కండా పోతాన్రా నాయినా" అని రోజూ కంచం ముందు కళ్ళు తుడుచుకునేది. అది చూసి మేనల్లుళ్ళకు ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు ఊరి బడికి విమల టీచరు వచ్చింది. ఆవిడకు జియోక్యాషింగ్ అనే ఆట పిచ్చి. ఎవరో ఒక చిన్న డబ్బాను దాచి, ఆ చోటు ఫోనులో పెడతారు. అది చూసుకుని ఇంకెవరో వెతికి పట్టుకుంటారు. డబ్బాలో ఒక బొమ్మకు నంబరు బిళ్ళ కట్టి పెడితే, దొరికినవాళ్ళు దాన్ని తీసుకెళ్ళి వేరే ఊళ్ళో వేరే డబ్బాలో పెడతారు. అలా చేతులు మారుతూ బొమ్మ దేశాలు తిరుగుతుంది. ఎక్కడిదాకా వెళ్ళిందో దొరికినవాళ్ళు ఫోనులో ఎక్కిస్తుంటే, మనం ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు.

"నరసమ్మగారూ, మీ బదులు ఒక బొమ్మను కాశీ పంపుదామా?" అంది టీచరు.

ఇంకేముంది! నరసమ్మ గూట్లోంచి ఏటికొప్పాక లక్కగుర్రాన్ని తీసి, తలంటు పోసి బొట్టు పెట్టింది. టీచరు దాని మెళ్ళో బిళ్ళ కట్టి, 'నాకు కాశీ చూడాలని ఉంది, ముందుకు పంపండి' అని చీటీ రాసింది. దారిలో ఆకలేస్తుందని సింహాద్రి డబ్బాలో పచ్చగడ్డి కూరాడు.

"ఎవరి కంటా పడకుండా దాచండి" అని చెప్పి టీచరు బడికి వెళ్ళింది.

"ఎవరి కంటా అంటే, మన కంటా పడకూడదు గదా" అన్నాడు సింహాద్రి.

"అదే గదేటి అన్నియ్యా" అన్నాడు పైడిరాజు.

అంతే. పైడిరాజు కళ్ళకు గంతలు కట్టుకుని, గిరగిరా మూడు చుట్లు తిరిగి, జీడితోటలో ఎక్కడో డబ్బా పాతేశాడు. సింహాద్రి తోటకు వీపు పెట్టి, చెవులు కూడా మూసుకున్నాడు. సాయంత్రం టీచరు వచ్చి ఎక్కడ దాచారని అడిగితే ఇద్దరూ గర్వంగా "ఏమో!" అన్నారు.

రెండు రోజులు తోటంతా తవ్వారు. మూడో రోజు, అన్నదమ్ములకు గంజి పట్టుకొచ్చిన నరసమ్మ డబ్బా మూత తట్టుకుని పడింది.

"ఈసారి గుర్తు రాయండి. కదలని గుర్తు పెట్టుకోండి" అంది టీచరు.

సింహాద్రి డబ్బాను పొదలో పెట్టి, బాగా ఆలోచించి కాగితం మీద ఇలా రాశాడు. 'మా తమ్ముడు నిలబడ్డ చోటికి తూర్పుగా రెండడుగులు.'

ఇంకేముంది, పైడిరాజు నిలబడ్డాడు. ఎండ కాసింది, నిలబడ్డాడు. వాన పడింది, నిలబడ్డాడు. నరసమ్మే అన్నం కలిపి ముద్దలు పెట్టింది. ముక్కు మీద ఈగ వాలితే సింహాద్రి వచ్చి తోలాడు.

"అయ్యో, ఇంటికి పోవయ్యా!" అంది టీచరు.

"నేను కదిల్తే డబ్బా అడ్రసు తప్పైపోద్ది టీచరమ్మా. దేశాల్నించి వచ్చినోళ్ళు ఊరికే తిరిగెళ్ళిపోతారు."

టీచరు తల పట్టుకుని, ఆ చోటును తనే ఫోనులో ఎక్కించి, అతన్ని చెయ్యి పట్టి ఇంటికి లాక్కొచ్చింది.

నాలుగు రోజులకు సన్యాసినాయుడు వచ్చాడు. అతను కాశీ యాత్ర బస్సులో వంటమనిషి. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ ఇలాంటి డబ్బాలు వెతకడం అతని సరదా. పొదలోంచి డబ్బా తీశాడో లేదో, అన్నదమ్ములు వెనక నుంచి వాటేసుకున్నారు.

"దొంగ! మా గుర్రాన్ని పట్టుకుపోతన్నాడు!"

జీడిచెట్టుకు కట్టేశారు. "బాబూ, పట్టుకుపోవడమే కదయ్యా ఆట" అని అతను మొత్తుకున్నాడు.

"ఆట మాకు తెలీదేటి? ఎవరో వచ్చి పట్టుకెళ్ళాలి. నువ్వు సన్యాసినాయుడివని చెప్పీసావు. ఇంక నువ్వు ఎవరో ఎలాగవుతావు?" అన్నాడు సింహాద్రి.

టీచరు పరుగున వచ్చి కట్లు విప్పింది. నాయుడు మంచివాడు. రెండు గ్లాసుల మజ్జిగ తాగి కోపం దించుకుని, "అమ్మా, మీ గుర్రాన్ని నేనే కాశీ తీసుకెళ్తాను" అని నరసమ్మకు మాటిచ్చాడు. ఆ మాటకే ఆవిడ అతనికి దండం పెట్టింది.

గుర్రం ఎక్కడిదాకా పోయిందో ఇంట్లోంచే చూసుకోమని టీచరు నరసమ్మకు తన పాత ఫోను ఇచ్చింది. నాయుడు ఆగిన ప్రతిచోటా ఎక్కిస్తుంటే, ఫోనులోని మ్యాపు మీద గుర్రం చుక్క శ్రీకాకుళం దాటింది, పూరీ చేరింది. పూరీలో రెండు రోజులు కదల్లేదు.

"గుర్రానికి ఆకలేసి ఆగిపోయిందిరా" అంది నరసమ్మ. పైడిరాజు గబగబా ఉలవలు ఉడకబెట్టాడు. సింహాద్రి ఆ ఉలవకట్టును చుక్క మీద వంచాడు. ఫోను ఒకసారి మిణుకుమని ఆరిపోయింది.

"కడుపు నిండింది. తొంగుంది" అంది నరసమ్మ తృప్తిగా.

మూడు రోజులైనా లేవలేదు. ఇంక నరసమ్మ కూడా అన్నం మానేసింది. నాలుగో రోజు టీచరు తన ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. అందులో ఫోటో. గంగ ఒడ్డున, తడిసిన మెట్టు మీద, బొట్టు చెరిగిపోయిన లక్కగుర్రం! నరసమ్మ ఫోనును గుండెలకు హత్తుకుని బావురుమంది. అంత సంతోషం ఆవిడ జన్మలో ఎరగదు.

నాయుడు తిరుగు ప్రయాణంలో గుర్రాన్ని తెచ్చి చేతిలో పెట్టాడు. నరసమ్మ దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "నీళ్ళు చల్లగా ఉన్నాయా? మెట్లు ఎన్నున్నాయే?" అని అడిగింది. అది పలకలేదు. మర్నాడూ అడిగింది. పలకలేదు.

"చూసొచ్చింది సరే. నోరు లేందాన్ని పంపీసాను నాయినా" అని మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

మళ్ళీ కాశీ బస్సుతో వెళ్తూ పలకరించడానికి ఆగిన నాయుడు అది విన్నాడు. "నువ్వే రా అమ్మా. ముందు సీటు ఖాళీగా ఉంది. నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటే తిప్పదు. మీరిద్దరూ తోడు రండయ్యా" అన్నాడు.

వెళ్ళారు. నరసమ్మ కాశీ చూసింది. మూడు మునకలు మునిగింది. నీళ్ళు చల్లగానే ఉన్నాయి. ఆమె కోరిక తీరింది. కథ ఇక్కడ ఆగితే బాగానే ఉండేది.

బయల్దేరే రోజు పురోహితుడు అందర్నీ కూర్చోబెట్టి, "కాశీకి వచ్చినవాళ్ళు తమకు బాగా ఇష్టమైంది ఒకటి ఇక్కడ వదిలేసి వెళ్ళాలి. మళ్ళీ దాన్ని ముట్టకూడదు" అన్నాడు. ఒకాయన వంకాయ వదిలాడు. ఒకావిడ జామపండు వదిలింది. నరసమ్మ చాలాసేపు ఆలోచించింది. నాయుడు అప్పటికే ఇంకో బస్సుతో గయ వెళ్ళిపోయాడు, లేకపోతే ఏమన్నా అడ్డుపడేవాడేమో.

వారానికి నరసమ్మ గొర్లిపాలెంలో ఒక్కతే దిగింది.

"మేనల్లుళ్ళేరీ?" అంది టీచరు.

"కాశీలో వదిలీసాను."

"వదిలేశారా!"

"ఇష్టమైంది వదలమన్నారు గదమ్మా. నాకు ఆళ్ళంటేనే పేణం."

"అందరూ కాకరకాయో వంకాయో వదుల్తారు నరసమ్మగారూ!"

"కాకరకాయ నేనెప్పుడు తిన్నానమ్మా? ఇష్టం లేనిది వదిలి దేవుణ్ణి మోసం చేస్తానేటి?" అంటూ నరసమ్మ ఘొల్లుమంది.

యాత్ర కాగితం మీద పురోహితుడి నంబరుంది. టీచరు వెంటనే ఫోను చేసి అన్నదమ్ముల్ని పిలిపించింది.

"మాకేం దిగుల్లేదు టీచరమ్మా" అన్నాడు సింహాద్రి. "అత్త వదిలీసిన మెట్టు మీదే ఉన్నాం. పురోయితుడుగారు రెండు పూటలా పెడతన్నారు. మేమూ వదిలీసాం."

"మీరేం వదిలారయ్యా?"

"మాకు అత్తంటే పేణం గదా. అత్తని వదిలీసాం."

ఆ మాట నరసమ్మ చెవిన పడింది. అంతే, ఏడుపు ఆపి చివ్వున లేచింది. "నన్ను కాశీలో వదిలీసారా? మరి నేనిక్కడున్నానేటి! వదిలిన చోట నేను లేపోతే నా పిల్లల పుణ్యం ఏటైపోద్ది?"

టీచరు వద్దు వద్దంటున్నా వినకుండా, దిగిన బస్సు మళ్ళీ కాశీకి బయల్దేరుతుంటే అదే ఎక్కేసింది. కాశీ చేరి, గంగ ఒడ్డుకు పోయి, అదే మెట్టు మీద మేనల్లుళ్ళకు జానెడు దూరంలో కూర్చుంది. మరి ముట్టుకోకూడదు కదా.