జున్నుగడ్డ బయటపెట్టిన ఫిర్యాదు

రెకిలా మూడు రోజులుగా అబద్ధం చెబుతున్నాడు. అదీ తన గురువు మీద ప్రేమ కొద్దీ.

గురువు వివెన్షియో ఒక కొండప్రాంతానికి బిషప్పు. ఎనభై ఏళ్లవాడు. కళ్లు సరిగా ఆనవు, పళ్లు ఎప్పుడో పోయాయి. రొట్టె పులుసులో నానబెట్టి పెట్టాలన్నా, మెట్లెక్కేటప్పుడు చెయ్యి అందించాలన్నా రెకిలాయే.

ఆ ఏడు విసిగోతులనే పాతకాలపు జాతి ఏలే రాజ్యంలోని బిషప్పులందరూ తొలేదో నగరంలో మహాసభకి కూడారు. ఆ సభ అంటే ఆషామాషీ కాదు. చర్చి తలుపులన్నీ మూసేసి ఒక్కటే తెరిచి ఉంచుతారు. రాజంతటివాడు కూడా ఆ తలుపులోంచే వచ్చి, నేల మీద సాగిలపడి, తన విన్నపం చేతికిచ్చి వెళ్లిపోవాలి. అక్కడ తీర్మానించిందే దేశానికి చట్టం. న్యాయాధికారి మీదైనా, బిషప్పు మీదైనా సరే, బీదవాళ్లకి ఫిర్యాదు ఉంటే ఆ తలుపు దగ్గరికే వచ్చి చెప్పుకోవచ్చు. అక్కడ నిలబడ్డ డీకన్, అంటే బిషప్పు కింద పనిచేసే చిన్న మతసేవకుడు, దాన్ని లోపలికి వినిపించాలి.

ఆ డీకన్ పని రెకిలాకి గురువుగారే ఏరికోరి ఇప్పించారు.

సభ మొదలైన రోజే బాసిల్లా వచ్చింది. రెకిలా సొంతూరి మనిషి. తల్లి లేని అతనికి మేకపాలు పట్టి పెంచిన మనిషి. వారం రోజులు కొండలు దిగి నడిచి వచ్చింది. వాళ్ల ఊరి పద్ధతిలో చెస్ట్‌నట్ చెట్టు ఆకుల్లో చుట్టిన జున్నుగడ్డ అతని చేతిలో పెట్టి, "చిక్కిపోయావురా నాయనా" అంది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది.

"మీ బిషప్పు మీద ఫిర్యాదు చెయ్యడానికొచ్చాను. నీ గొంతు బావుందని ఆరేళ్ల కిందట నిన్ను పెద్ద చర్చికి తీసుకుపోయాడు. ఆ మరుసటేడే మన ఊరి చర్చిలో ముసలి గురువు పోయాడు. ఆయన తర్వాత నువ్వేగా అనుకున్నాం. నిన్నూ పంపలేదు, ఇంకొకర్నీ పంపలేదు. మొన్న చలికాలంలో మీ మావయ్యని ప్రార్థన లేకుండా మట్టిలో పెట్టానురా."

రెకిలా సభ లోపలికి చూశాడు. ఈ మాట లోపలికి వెళితే నిండు సభలో గురువుగారి పరువు ఏం కావాలి? తనని ఊరికి పంపేస్తే ఆ ముసలాయన్ని ఎవరు చూసుకుంటారు?

"ఇవాళ కుదరదు అత్తా, రేపు రా" అన్నాడు. మర్నాడూ అదే మాట. లోపల్నుంచి "బయట ఎవరైనా ఉన్నారా?" అని అడిగినప్పుడల్లా "ఎవరూ లేరు" అన్నాడు.

మూడో రోజు మధ్యాహ్నం గురువుగారికి ముద్ద దిగడం లేదు. మెత్తగా ఉంటుంది కదా అని రెకిలా జున్ను కోసి పెట్టాడు. ఆయన ఒక ముక్క నోట్లో వేసుకుని ఆగిపోయారు. జున్నుకి అంటుకున్న ఆకును వేళ్లతో తడిమి చూశారు.

"ఇది మీ ఊరి జున్ను. ఎవరొచ్చారు?"

"దారిన పోతూ ఎవరో ఇచ్చి వెళ్లారు గురువుగారూ."

"మీ ఊరు ఏ దారిలోనూ లేదు కదరా."

రెకిలా తల వంచుకుని మొత్తం చెప్పేశాడు. గురువుగారు మిగిలిన జున్నుని ఆకులో చుట్టి చేత్తో పట్టుకున్నారు.

సాయంత్రం సభ మళ్లీ కూడింది. ఎవరి కుర్చీలో వాళ్లు కూర్చున్నాక, ముగిసేదాకా ఎవరూ లేవకూడదు. "బయట ఎవరైనా ఉన్నారా?" అని పిలుపు వినిపించింది. రెకిలా నోరు తెరిచేలోపే వివెన్షియో లేచారు. కర్ర తాటించుకుంటూ అందరి మధ్య నుంచి నడిచి, తలుపు దాటి, మెట్టు మీద బాసిల్లా పక్కన కూర్చున్నారు. ఆవిడ కంగారుగా లేవబోయింది. ఆయన కూర్చోమన్నట్టు జున్నుగడ్డ విరిచి సగం ఆవిడ చేతిలో పెట్టారు.

"గురువుగారూ, మీ కుర్చీ లోపల ఉంది" అన్నాడు రెకిలా.

"ఇది తేలేదాకా నా చోటు ఇదే. వెళ్లు, ఆవిడ ఫిర్యాదు చెప్పు. నా పేరు స్పష్టంగా వినపడాలి."

రెకిలా కళ్లలో నీళ్లు తిరిగాయి. "మీ కోసమే దాచాను."

"తెలుసురా. నేనూ నా కోసమే నిన్ను దాచుకున్నాను. వెళ్లు."

రెకిలా లోపలికి తిరిగాడు. మొదటి మాట వణికింది. తర్వాత గొంతు నిలదొక్కుకుని గోడల దాకా పాకింది. బాసిల్లా పేరు, తన ఊరి పేరు, తన గురువు పేరు.

మెట్టు మీద ముసలాయన కళ్లు మూసుకుని విన్నారు.

"ఈ గొంతు ఆరేళ్లు నేను విన్నానమ్మా" అన్నారు బాసిల్లాతో. "ఇక మీ ఊళ్లో మీరు వినండి."